తూకానికి పోయిన పుస్తకాలు

సంపాదకులకు నమస్కారం.

మా విజయనగరంలో ఒక గ్రంథాలయం పాత పుస్తకాలను కిలోల లెక్కన అమ్మేసింది. పదేళ్లుగా ఎవరూ తీసుకెళ్లలేదట! పాతసామాన్ల కొట్లో ఒక టోపాలజీ (ఆకారాలను వంచినా, సాగదీసినా మారని లక్షణాల గణితం) పుస్తకం, రామానుజుల వేదాంత గ్రంథం శ్రీభాష్యం మీద సంస్కృత వ్యాఖ్య దొరికాయి. రెండూ కలిపి నలభై రూపాయలు. సిగ్గులేకుండా బేరం కూడా ఆడాను.

ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. జర్మన్ గణితజ్ఞుడు రీమన్ 1854లో చెప్పిన జ్యామితి ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతానికి 1915లో అక్కరకొచ్చింది. మధ్యలో ఎంతమంది తిరగేశారని లెక్కేస్తామా? లెక్కల పుస్తకం ఉంచాలా వద్దా అంటే, నేనైతే నిరూపణలు పూర్తిగా ఉన్నాయా, ‘ఇది స్పష్టమే’ అని దాటేశారా అని చూస్తాను. పదసూచిక కూడా చూస్తాను. వేదాంతం తూచడం నా వల్ల కాదు, అది సంస్కృత కళాశాల పండితులను అడగాలి.

తీసేసే ముందు ఆ సబ్జెక్టు చెప్పేవారొక్కరికైనా జాబితా చూపించండి.

– విశ్రాంత గణిత అధ్యాపకుడు, విజయనగరం