దిద్దేది ఏ సారు?

అనంతపురం

ఒరే మామా,

ఎట్లుండావు? మొన్న ఫోన్లో అడిగినావే, మీ డిగ్రీ పిల్లోళ్లు వ్యాసాల్లో సొంతంగా ఏమన్నా రాస్తారా అని. సొంత అభిప్రాయాలు బాగానే ఉన్నాయి రా, పేపర్ మీద మాత్రం పెట్టరు. టాపిక్ చెప్పంగానే మావాళ్లు అడిగేది ఒకటే, దిద్దేది ఏ సారు అని.

మా స్టాఫ్ రూమ్‌లో ఒకాయన ఎర్రజెండా మనిషి, ఇంకొకాయనకి పొద్దున లేస్తే సంస్కృతి, మూడో ఆయనకి సిద్ధాంతమేమీ లేదు గానీ పార్టీ ఉంది. మంచోళ్లే, పిల్లలకి ఫీజులు కట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి. కానీ సీమ వెనుకబాటు మీద వ్యాసం ఇచ్చినారనుకో, మొదటాయనకి భూస్వాముల గురించి రాయాల, రెండో ఆయనకి రాయల కాలం వైభవం, మూడో ఆయనకి ఏ ప్రభుత్వంలో కాలువకి నీళ్లొచ్చినాయో. పిల్లలు మూడు రకాలుగానూ చక్కగా రాసిస్తారు!

ఒక అమ్మాయి మాత్రం శ్రీబాగ్ ఒప్పందం మీద రాసింది. 1937లో కోస్తా నాయకులు సీమ నాయకులకి ఇచ్చిన మాటలు, అంటే అనంతపురంలో యూనివర్సిటీ, తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో సీమకి ముందు వాటా, రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో సీమవాళ్లే కోరుకోవడం, ఇవన్నీ చెప్పి, 1953లో మీ కర్నూలుకి వచ్చిన రాజధాని 1956లో పోయిందని, మన ఊరికి సొంత యూనివర్సిటీ 1981 దాకా రాలేదని తేదీలతో సహా పెట్టి, కాబట్టి హైకోర్టు కర్నూల్లో ఉండాలని తేల్చింది. అప్పటి పెద్దమనుషుల ఒప్పందానికి ఇప్పటివాళ్లు ఎందుకు కట్టుబడాలో మాత్రం చెప్పలేదు. రాయడం నేర్పేవాడు పట్టుకోవాల్సింది అక్కడ. దిద్దినాయన దాని జోలికే పోకుండా పక్కన "ఇది పార్టీ మాట" అని రాసి పదికి నాలుగు వేసినాడు. ఆ అమ్మాయి తర్వాతి వ్యాసం దేని మీదో తెలుసా, చెట్లు నాటుదాం!

ఈ తగాదా అమెరికాలోనూ ఉంది. 1990లో ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో ఫస్టియర్ రైటింగ్ కోర్సుని వివక్ష కేసుల తీర్పులు చదివి వాదించేలా మార్చబోతే పెద్ద గొడవై ఆగిపోయింది. అక్కడే పనిచేసిన మాక్సీన్ హెయిర్‌స్టన్ 1992లో, టీచర్ల రాజకీయం ముందుకొస్తే పిల్లల రాత వెనక్కి పోతుందని గట్టిగా వాదించింది. రాజకీయం లేని క్లాసంటూ ఉండదనేవాళ్లు ఇంకోవైపు. నాకైతే తీర్పులు చదివించడం తప్పనిపించలేదు, తీర్పులో రెండు పక్షాల వాదనలూ ఉంటాయి కదా. సార్లు నోరు మూసుకోవాలనీ అనను, ఏ అభిప్రాయమూ లేని సారు పాఠం వినేకంటే నిద్రపోవడం నయం. నా గొడవంతా మార్కుల దగ్గరే. ఇంటర్నల్స్ ఆయన చేతిలో ఉన్నప్పుడు ఏ పిల్లోడు ఎదురు రాస్తాడు?

అందుకే ఈసారి ఆధారాలకి ఎన్ని మార్కులు, ఎదుటి వాదనకి జవాబు చెప్తే ఎన్ని అని ముందే బోర్డు మీద రాసేసినా. పేర్లు కూడా మడిపించినా, చేతిరాత గుర్తుపట్టేస్తాననుకో, అది వేరే సంగతి. ఇంకో ఆలోచన ఉంది. నా పిల్లల పేపర్లు నీకు పంపిస్తా, నీవి నాకు పంపు. మన ఓటు ఒక్క ఎన్నికలోనూ కలవలేదు కదా, మార్కులన్నా కలుస్తాయేమో చూద్దాం. వాల్యుయేషన్ డ్యూటీ పడకముందే చెప్పు.

నీ మామ