అది సెకండాఫ్ తప్పు కాదండీ, ఇంటర్వెల్ తప్పు

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన నెల మీ సినిమా పేజీలో లిఫ్ట్‌లో ఇరుక్కుపోయిన అమ్మాయి సినిమాకి రివ్యూ వేశారు కదండీ, ఫస్టాఫ్ టెన్షన్‌గా ఉంది సెకండాఫ్‌లో పట్టు తప్పింది అని. నేను ఆ సినిమా రెండుసార్లు చూశాను, ఒకసారి మా తమ్ముడితో ఇక్కడ విజయవాడలోనే హాల్లో, మళ్లీ మొన్న ఓటీటీలోకి వచ్చాక ఇంట్లో లైట్లార్పేసి ఏకబిగిన. రెండోసారి చూసినప్పుడు ఎక్కడా పట్టు తప్పలేదండీ. అదే సినిమా, అవే సీన్లు, తేడా ఒక్కటే, ఇంటర్వెల్ లేదు.

హాల్లో ఏం జరిగిందో చెప్తాను. ఆ పిల్ల లిఫ్ట్ గోడకి చెవి ఆనించి వింటోంది, అవతల ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు చిన్న సౌండు, అది నిజంగా ఉందా ఆ పిల్ల బుర్రలోనే ఉందా మనకీ తెలీదు, హాలంతా చప్పుడు లేదు, మా తమ్ముడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, సరిగ్గా అప్పుడు ఠక్కున లైట్లేసేశారు. సమోసాలు, బంగారం షాపు యాడ్లు, ఫోన్లు, ఇరవై నిమిషాలు. మళ్లీ మొదలయ్యాక కూడా జనం పాప్‌కార్న్ పట్టుకుని సెల్ లైట్లేసుకుని సీట్లు వెతుక్కుంటూనే ఉన్నారు, తెర మీద ఆ పిల్ల ఏడుస్తుంటే వెనక వరసలో ఎవరో నవ్వారు. నాకు వాళ్ల మీద కోపం రాలేదు, అప్పటికి మేమెవ్వరం లిఫ్ట్‌లో లేం, అందరం బయటికొచ్చేశాం.

ఒక్క చోట నడిచే థ్రిల్లర్‌లో ఫైట్లుండవు, ఫారిన్ లొకేషన్లుండవు, ఉన్నదల్లా మనకి కూడా ఊపిరాడకపోవడమే, అది కొంచెం కొంచెంగా పేరుకోవాలి. 1957లో సిడ్నీ లూమెట్ తీసిన ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ థ్రిల్లర్ కాదు గానీ దాదాపు అంతా ఒక్క గదిలోనే నడుస్తుంది, ఆయన మొదట్లో కెమెరాని కంటి ఎత్తు కన్నా పైన పెట్టాడు, తర్వాత కంటికి సమానంగా దించాడు, చివరికొచ్చేసరికి కింద పెట్టి సీలింగ్ కనిపించేలా తీశాడు, లెన్సులు కూడా మారుస్తూ పోయాడు, దాంతో గది మన మీదకి దగ్గరికొస్తున్నట్టు ఉంటుంది, ఎందుకుందో మనకి తెలీదు. అంత నెమ్మదిగా బిగించిన దాన్ని మధ్యలో వదిలేస్తే మళ్లీ మొదట్నించీ బిగించాలి కదా. 2010లో వచ్చిన ‘బరీడ్’లో అయితే గంటన్నర పాటు కెమెరా ఒక మనిషిని ప్రాణంతో పాతిపెట్టిన శవపేటిక దాటి బయటికే రాదు. దాని మధ్యలో లైట్లేస్తే ఆ పెట్టె మూత మనమే తీసినట్టు.

మా నాన్నగారు సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేశారు, అందుకే ఈ ఇంటర్వెల్ సంగతి చిన్నప్పట్నించీ వింటున్నాను. ఒక్క ప్రొజెక్టర్ మిషనున్న టూరింగ్ టాకీసుల్లో రీలు మార్చాలంటే ఆపాల్సిందే, వేరే దారి లేదు. పెద్ద హాళ్లలో రెండు మిషన్లుండేవి, ఒకదాని రీలు అయిపోతుంటే రెండోది అందుకునేది, మిషన్లో వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు చూసుకుంటూ నాన్న ఆ చేంజోవర్ జనానికి తెలీకుండా చేసేవారు, తెలిస్తే ఆయనకి ఆ రోజు అన్నం సయించేది కాదు. ఇప్పుడు రీలూ లేదు కార్బనూ లేదు, అంతా డిజిటల్, ఆపాల్సిన పనేం లేదు, క్యాంటీన్ కోసమే ఆపుతున్నారు. క్యాంటీన్ మీదే హాళ్లు బతుకుతున్నాయని నాకూ తెలుసు, వద్దనడం లేదు, షో ముందు పావుగంట ఇవ్వండి, అన్నీ కొనుక్కునే కూచుంటాం. షుగరున్న వాళ్లకి, పిల్లలున్న వాళ్లకి దారి పక్క సీట్లివ్వండి. గుంటూరు బస్సెక్కితే గంట పైన కదలకుండా కూచుంటున్నాం కదా, వంద నిమిషాల సినిమాకి కూచోలేమా.

మన ఊరికి ఈ రకం సినిమా కొత్తేమీ కాదండీ. ఇక్కడ సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన రామ్‌గోపాల్ వర్మ 1999లోనే ‘కౌన్’ తీశాడు, ఒక్క ఇల్లు, బయట వాన, లోపల ఊర్మిళ, తలుపు తట్టే మనిషి, ఒక్క పాట లేదు. పాటలు తీసేసే ధైర్యం పాతికేళ్ల కిందటే చేశారు, ఈ ఇరవై నిమిషాలు తీసేసే ధైర్యం మాత్రం నేను చూసిన హాళ్లలో ఇంకా కనిపించలేదు.

డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులన్నీ గాంధీనగర్లోనే ఉన్నాయి, మీ పేపరు అక్కడ ప్రతి టేబుల్ మీదా ఉంటుంది, అందుకే మీకు రాస్తున్నాను. ఇలాంటి సినిమా వచ్చినప్పుడు రోజుకి ఒక్క షో, పోనీ సెకండ్ షో, ఇంటర్వెల్ లేకుండా వేసి చూడమని ఒక్క మాట రాయండి. అలాగే మీ రివ్యూ రాసేవారికి నా మనవి, సెకండాఫ్ బాలేదని రాసే ముందు ఆ సినిమాని డైరెక్టర్ రెండు ముక్కలుగా తీశాడా, హాలు వాళ్లు చేశారా అని ఒక్కసారి చూడండి. ఆ లిఫ్ట్ సినిమా ఇప్పుడు ఇంట్లో చూడొచ్చు, రాత్రి పదింటికి ఫోన్ పక్కన పడేసి, మధ్యలో లేవకుండా చూడమనండి, తర్వాత మళ్లీ రాయమనండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ