ఆదివారం ఇళయరాజా బొమ్మలు చూద్దాం

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం సాయంత్రం 4 గంటలకు సత్యనారాయణపురంలో మా మేడ మీద గదిలో కలుద్దాం. ఈసారి గీయడం కన్నా చూడడమే ఎక్కువ.

చూడబోయేది చిత్రకారుడు ఎస్. ఇళయరాజా బొమ్మలు. పేరు ఒకటే గానీ సంగీత దర్శకుడు కాదు. కుంభకోణం దగ్గరి పల్లెలో పుట్టి, కుంభకోణంలోనూ చెన్నైలోనూ ప్రభుత్వ లలితకళా కళాశాలల్లో చదువుకున్నారు. 2021 జూన్‌లో కొవిడ్ ఆయనను తీసుకుపోయింది. ఆ వార్త విన్న రోజు నేను కుంచె పట్టలేకపోయాను.

ఆయన ఎక్కువగా పల్లె ఆడవాళ్లనే చిత్రించారు. గుమ్మం దగ్గర కూర్చున్న అమ్మాయి, వంటింటి పనిలో ఉన్న ఇల్లాలు. ఫొటో అనుకునేంత నిజంగా ఉంటాయి. కానీ నన్ను కట్టిపడేసింది ఆ నైపుణ్యం కాదు, మేనిఛాయ. ప్రింటు తీయించుకున్న ఒక బొమ్మను భూతద్దంతో చూశాను. ఆ నల్లని చెంపలో నలుపే కనబడలేదు. మట్టి గోధుమ, ఇటుక ఎరుపు, వెలుతురు తగిలిన చోట కాస్త పసుపు, నీడ అంచున చల్లని నీలం. మనమేమో ముఖం అనగానే ఫ్లెష్ టింట్ అనే తయారుగా దొరికే చర్మపు రంగు ట్యూబు అందుకుంటాం. ఆ గులాబీ రంగు మనుషులు బెజవాడలో ఎంతమంది ఉన్నారు చెప్పండి! మన అమ్మల రంగును మనమే కలపలేకపోతే ఇంకెవరు కలుపుతారు?

అందుకే చివరి అరగంట ఎవరి చెంప రంగు వాళ్లు కలిపి చూద్దాం. బర్న్‌ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), అల్ట్రామెరైన్ (ముదురు నీలం), తెలుపు రంగులు నా దగ్గర ఉన్నాయి. చిన్న అద్దం మాత్రం ఎవరిది వారు తెచ్చుకోండి. వెలుతురు పోకముందే మొదలుపెట్టాలి, ఆలస్యం చేయకండి.