మంత్రి గారూ, మా కూలీని ముప్పైతో భాగించి చూడండి

గౌరవనీయులైన రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి, కోనసీమ నుంచి ఒక తాపీ మేస్త్రి నమస్కరించి రాసుకునే బహిరంగ లేఖ.

అయ్యా, అర్జీలు ఇచ్చి ఇచ్చి విసిగిపోయి ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది. సోమవారం అర్జీలు తీసుకునే చోట మా కూలీ గురించి మేస్త్రీలందరం సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. రసీదు ఇచ్చారు, మర్యాదగానే మాట్లాడారు, కాదనను. కొన్నాళ్ళకి ఫోనుకి మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది అని. ఏం పరిష్కరించారో, ఎవరికి పరిష్కరించారో మాకు ఇప్పటికీ తెలియదు. మళ్ళీ ఇచ్చాం, మళ్ళీ అదే మెసేజ్.

మా గురించి మాట్లాడితే చాలు, ఆఫీసుల్లో వాళ్ళైనా ఇల్లు కట్టించుకునే వాళ్ళైనా ఒకటే మాట: "మీకేమండీ, రోజుకి తొమ్మిది వందలు!" నిజమే సార్, పని ఉన్న రోజు 900 వస్తుంది, మంచి ప్లాస్టరింగ్ మేస్త్రికి ఇంకో వంద ఎక్కువే ఇస్తారు. కానీ పని లేని రోజు సంగతి ఎవరూ అడగరు. ఆషాఢంలో ఎవరూ శంకుస్థాపన చెయ్యరు. శ్రావణం వచ్చి ముహూర్తాలు పెట్టుకునేసరికి గోదావరికి ఎర్రనీరు వస్తుంది, ఇసుక ర్యాంపులు మూసేస్తారు, లంకల్లో మొదలుపెట్టిన ఇళ్ళు నీళ్ళలో నిలబడతాయి. ఆ తర్వాత భాద్రపదం, అది దాటితే తుఫాన్లు. 2025 అక్టోబరు ఆఖరులో మొంథా తుఫాను అంతర్వేది పక్కన తీరం దాటినప్పుడు ముందు వారం, తర్వాత వారం సిమెంటు మాలు కలిపిన వాడు లేడు. పుష్యమాసంలో మళ్ళీ మొదటికే. పని బాగా సాగేది ఎండాకాలం నాలుగు నెలలు, అప్పుడు ఎండదెబ్బకి మధ్యాహ్నం దాకా కూడా నిలబడలేం. మొత్తం ఏడాది మీద చూస్తే నెలకి సగం రోజులు దొరికితే ఆ మేస్త్రి అదృష్టవంతుడు. ఆ డబ్బుని ముప్పై రోజులకి పంచి చూడండి, రోజుకి దాదాపు నాలుగు వందల యాభయ్యే పడుతుంది. పిల్లల ఫీజు, ఇంటద్దె, బియ్యం ఇవి మాత్రం ముప్పై రోజులకీ కట్టాలి కదా సార్, సగం రోజులకి కడతామంటే ఎవరూ ఒప్పుకోరు.

ఈ సంగతి చట్టానికి బాగా తెలుసు. 1996లో వచ్చిన మా భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనే, ఏడాదిలో 90 రోజులు నిర్మాణంలో పనిచేస్తే చాలు, కార్మికుడిగా పేరు నమోదు చెయ్యాలని రాశారు. అంటే ఈ పని ఏడాది పొడుగునా దొరకదని ఆ రోజునే ఒప్పుకున్నారు. మరి కనీస వేతనం లెక్క వేసేటప్పుడు మాత్రం ఈ విషయం ఎందుకు గుర్తుండదు? ఏటా ఏప్రిల్లో, అక్టోబరులో కరువు భత్యం సవరించామని కాగితం వస్తుంది, ఆ కాగితం మీద అంకె మాకు బజారులో ఇచ్చే కూలీ కంటే ఎప్పుడూ తక్కువే ఉంటుంది. అది చూపించి ఇల్లు కట్టించుకునే ఆయన కూలీ తగ్గించమంటాడు. గవర్నమెంటు రేటే అంత అయితే మీకు అంతకన్నా ఎందుకివ్వాలి అంటాడు. మాకు అండగా ఉండాల్సిన కాగితమే మా మీదకి వస్తోంది.

1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సులో ఒక కొలత పెట్టుకున్నారు. మా యూనియన్ వాళ్ళు చెబితే తెలిసింది. మనిషికి రోజుకి 2700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటద్దె, వంటచెరకు, ఇవన్నీ లెక్కగట్టి వేతనం పెట్టాలని. తర్వాత సుప్రీంకోర్టు పిల్లల చదువుకీ వైద్యానికీ మరో పాతిక శాతం కలపమంది. దయచేసి ఆ లెక్కని అమలాపురంలో ఒక్కసారి వేసి చూడమని మీ అధికారులకి చెప్పండి. రెండు గదుల ఇంటికి 5,500 అద్దె. అన్నపూర్ణ అని పేరున్న డెల్టాలో ఉంటూ 26 కిలోల సన్నబియ్యం బస్తా 1,400 పెట్టి కొంటున్నాం. చుట్టూ కాలువలే, అయినా చెరువుల మందులూ ఉప్పునీళ్ళూ కలిసి తాగే నీళ్ళు లేవు, ఇరవై లీటర్ల డబ్బా కొనుక్కోవాలి. రొయ్యల చెరువులవాళ్ళ డబ్బుతో స్థలాల రేట్లు పెరిగాయి, అద్దెలు పెరిగాయి, ఆ అపార్ట్‌మెంట్లు కట్టిన మేము మాత్రం వాటిలో ఒక గది అద్దెకి తీసుకోలేం. మా ఆవిడకి ఒంట్లో బాగోకపోతే ఆర్ఎంపీ దగ్గరకి తీసుకెళ్ళి సరిపెట్టుకుంటాం, పరీక్షలు రాస్తే ఆ నెల అప్పే.

ఇల్లు కట్టించుకునేవాడి కష్టం కూడా నాకు తెలుసు. 2024 జూలై నుంచి ఇసుక ఉచితం అన్నారు, కానీ లారీ కిరాయి, లోడింగు, దారి ఖర్చులు కలిస్తే ఇంటిదాకా వచ్చేసరికి ఉచితం అనిపించదు. ఇనుము కొట్టువాడు రేటు తగ్గించడు, సిమెంటు కంపెనీ తగ్గించదు. ఆయన బేరమాడగలిగింది మా కూలీ ఒక్కటే. అందుకే ఈమధ్య రోజుకూలీ మానేసి చదరపు అడుగు లెక్కన గుత్తకి ఇస్తున్నారు. వాన పడి పని ఆగితే ఆ నష్టం మాదే. మాకు మాలు అందించే ఆడవాళ్ళకి ఇంకా దారుణం, వాళ్ళ కూలీ మా కూలీలో సగం, బరువు మాత్రం రెట్టింపు మోస్తారు.

ఇక మా భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు. కట్టడం విలువలో ఒక శాతం సెస్సు అనే పన్ను వసూలు చేస్తూనే ఉన్నారు, అది మా పేరు మీద వసూలైన డబ్బు. గత ప్రభుత్వం 1214 నంబరు మెమో అనే ఉత్తర్వుతో మా పథకాలు ఆపేసింది. మళ్ళీ మొదలుపెడతామని ఎన్నికలప్పుడు మీరందరూ చెప్పారు, మేం నమ్మాం. బోర్డు కార్డు రెన్యువల్‌కి వెళ్తే వేలిముద్ర పెట్టమన్నారు. సిమెంటు మాలులో నానిన వేళ్ళకి గీతలు ఉండవు సార్. బొటనవేలు పెడితే మిషన్ తీసుకోలేదు, చూపుడువేలు పెడితే తీసుకోలేదు, పదివేళ్ళూ వరసగా పెట్టించారు. చివరికి అక్కడి కుర్రాడు, పాపం అతని తప్పేం లేదు, కొబ్బరినూనె రాసుకుని నాలుగు రోజులు పని మానేసి రండి బాబాయ్, గీతలు వస్తాయి అన్నాడు. మేస్త్రినని రుజువు చేసుకోవడానికి పని మానుకోవాలట. ఆ నాలుగు రోజుల కూలీ ఎవరిస్తారు?

వేట నిషేధం రోజులకి మత్స్యకార సోదరులకి 20,000 ఇస్తున్నారు, చాలా సంతోషం, వాళ్ళ కష్టం మాకు తెలుసు. ఆటో డ్రైవర్లకి 15,000 ఇచ్చారు, అదీ మంచిదే. వానలకీ వరదలకీ మాకూ పని ఉండదు కదా. మేం అడిగేది భృతి కూడా కాదు, సెస్సు రూపంలో మా పేరు మీద మీరు వసూలు చేసిన డబ్బే.

2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చేశాయి, ఇక రాష్ట్రం నియమాలు, రేట్లు మీ చేతుల్లోనే ఉన్నాయి. ఈసారి కనీస వేతనం పెట్టేటప్పుడు పని దొరికే రోజులు ఎన్నో, కూలీలు పని కోసం నిలబడే అడ్డాల్లో అడిగి లెక్క వెయ్యండి. ఆడకూలీకి సమాన వేతనం ఇప్పించండి. పథకాలు మళ్ళీ మొదలుపెట్టండి, వేలిముద్ర పడనివాళ్ళకి కంటిపాపతోనో ఫోను ఓటీపీతోనో పని కానివ్వండి. వాననెలలకి ఏదో ఒకటి ఇవ్వండి, ఎంత అని మేం పట్టుబట్టం, అసలు మొదలుపెట్టండి. మా పెద్దాడు ఐటిఐ ఎలక్ట్రీషియన్ పాసై ఇక్కడ నెలకి పదివేలు కూడా ఇచ్చేవాళ్ళు లేక గల్ఫ్ ఏజెంటు చుట్టూ తిరుగుతున్నాడు. వాడు వెళ్ళకుండా ఆపుదామంటే ఏం చెప్పి ఆపాలో నాకు తెలియడం లేదు.

ఈ లేఖ చదివాక దయచేసి పరిష్కరించబడింది అని మాత్రం మెసేజ్ పెట్టించకండి సార్. మా అడ్డాకి ఒక ఉదయం ఏడింటికి రండి, లేదా ఒక అధికారినైనా పంపండి.

ఇట్లు,
ఒక తాపీ మేస్త్రి, అమలాపురం