చర్చికి బీరువాంత ఆర్గాన్ చాలు

సంపాదకులకు నమస్కారం.

హన్మకొండలోని ఒక చర్చి గాయక బృందంలో 22 ఏళ్లుగా పాడుతున్నాను. మా సంఘం కొత్త వాద్యానికి చందాలు పోగుచేస్తోంది. ఎక్కువమంది పెద్ద స్పీకర్లున్న ఎలక్ట్రానిక్ కీబోర్డు వైపే మొగ్గుతున్నారు. గొట్టాల్లోకి గాలి ఊది పలికించే గొట్టాల ఆర్గాన్ అనగానే గోడంతా ఆక్రమించే భారీ వాద్యమే మనసులో మెదలడం ఇందుకు ఒక కారణం.

నిజానికి 17వ శతాబ్దపు ఐరోపాలో ఇళ్లలోనూ చిన్న ప్రార్థన మందిరాలలోనూ బీరువాంత ఆర్గాన్లు ఉండేవి. ఆ పాత పద్ధతిలోనే నేటికీ కొత్తవి తయారవుతున్నాయి. పైకొన మూసిన గొట్టం, దానికి రెట్టింపు పొడవున్న తెరిచిన గొట్టం పలికే స్వరాన్నే పలుకుతుంది కాబట్టి ఎనిమిది అడుగుల గొట్టపు మంద్రస్వరం నాలుగడుగుల చెక్క గొట్టంతోనే వస్తుంది. గాలి ఒత్తిడి తక్కువ కావడం వల్ల ఆ నాదం గొంతులను అణచదు, కింద నుంచి ఆనుకుని నిలబెడుతుంది. స్పీకర్ల హోరులో పక్కవారి గొంతు వినబడక మేము శ్రుతి తప్పిన ఆదివారాలు ఎన్నో.

మన ఎండకూ వానకూ అది ఆగుతుందా అన్న సందేహం సహజమే. ఫిలిప్పీన్స్‌లోని లాస్ పిన్యాస్ చర్చిలో ఫాదర్ దియెగో సెరా 1824లో పూర్తిచేసిన ఆర్గాన్‌కు 1,031 గొట్టాలుంటే, వాటిలో 902 వెదురువే. పురుగు పట్టకుండా ఆ వెదురును ముందుగా ఇసుకలో పాతిపెట్టారు. భూకంపాలకూ తుపాన్లకూ దెబ్బతిన్న ఆ వాద్యాన్ని 1973లో జర్మనీకి పంపి బాగుచేయించి, 1975లో తిరిగి తెచ్చుకున్నారు. అది నేటికీ మోగుతోంది. అయితే ఒక జాగ్రత్త అవసరం. వేడికి పిల్లనగ్రోవి తరహా గొట్టాల శ్రుతి పెరుగుతుంది, పలుచని లోహపు నాలుక కంపించి పలికే రీడ్ గొట్టాల శ్రుతి అంతగా పెరగదు. కనుక మే నెల ఎండలు చూసే ఊరికి రీడ్ల వరుస లేని ఆర్గానే మేలు. గొట్టాలకు గాలినిచ్చే తోలుతిత్తిని ఎలుకల నుంచి, చెక్కను చెదల నుంచి కాపాడుకోవాలి. తిత్తిని కాలితో తొక్కే ఏర్పాటు ఉంటే కరెంటు పోయినా ఆరాధన ఆగదు.

డోర్నకల్ తొలి బిషప్ అజరయ్య గారి కాలంలో కట్టి 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథడ్రల్‌లో మన దేశపు గుడుల, మసీదుల శిల్పరీతులు కలిసిపోయాయి. అలాగే ఆర్గాన్ లోపలి పని నిపుణులతో చేయించినా, పైపెట్టెను ఆరిన టేకుతో మన వడ్రంగులే చేయగలరు.

కీబోర్డుకు అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక్క ఆదివారం స్పీకర్లన్నీ ఆపించి, ఒక తెలుగు కీర్తనను సంఘమంతటితో పాడించి వినాలని మా కమిటీ పెద్దలను కోరుతున్నాను.

- ఒక గాయక బృంద సభ్యురాలు, హన్మకొండ