ఎంఎంటీఎస్‌ను పాలమూరు దాకా నడపండి: ముఖ్యమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ముఖ్యమంత్రి శ్రీ ఎ. రేవంత్ రెడ్డి గారికి,

నమస్కారం. షాద్‌నగర్ నుంచి రాస్తున్నాను. శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గరి ఉందానగర్‌లో ఆగిపోయిన ఎంఎంటీఎస్‌ను, అంటే హైదరాబాద్ లోకల్ రైలును, ముందు షాద్‌నగర్ వరకు, ఆ తర్వాత జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ (మా పాలమూరు) వరకు పొడిగించాలి. అందుకు అయ్యే ఖర్చులో రాష్ట్రం తన వాటా ఎంతో తేల్చి, ఇస్తామని రైల్వేకు రాతపూర్వకంగా చెప్పాలి. ఈ మాట మేం ఏళ్లుగా వింటున్నాం, అడుగుతున్నాం. మీరు పాలమూరు బిడ్డ. పైగా మల్కాజిగిరి ఎంపీగా పనిచేశారు కాబట్టి ఎంఎంటీఎస్ రెండో దశ ఎలా నత్తనడక నడిచిందో మీకు ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. అందుకే ఈ లేఖ నేరుగా మీకే.

ఫైలు ఎప్పుడూ ఆగేది డబ్బు దగ్గరే కాబట్టి ముందు ఆ సంగతే చూద్దాం. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ మార్గంలో 85 కిలోమీటర్ల డబ్లింగ్, విద్యుదీకరణ దాదాపు 1,410 కోట్ల రూపాయలతో పూర్తయ్యాయి. 2023 ఏప్రిల్ 8న ప్రధాని దాన్ని జాతికి అంకితం చేశారు. అంటే పెద్ద ఖర్చు ఎప్పుడో అయిపోయింది. రెండు లైన్లున్నాయి, పైన కరెంటు తీగ ఉంది. హైదరాబాద్ మెట్రో రెండో దశలో 76.4 కిలోమీటర్లకు వేసిన అంచనా 24,269 కోట్లు. ఢిల్లీ–మీరట్ మధ్య 82 కిలోమీటర్ల నమో భారత్ వేగ రైలు మార్గానికి 30 వేల కోట్ల పైమాటే. అవి కొత్తగా కట్టే మార్గాలు, వాటి వేగం వేరు, అవసరమూ వేరు. వాటిని తగ్గించి మాకు ఇవ్వమని అడగడం లేదు. మాకు కావాల్సినవి రైలు పెట్టెలు, రాత్రి వాటిని నిలుపుకోవడానికి చోటు, ప్లాట్‌ఫారాల మీద కొన్ని పనులు, మొదట్లో వచ్చే నష్టంలో కొంత భరించే చెయ్యి.

కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్ మహబూబ్‌నగర్‌లో ఆగుతోంది, సంతోషం. షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్ స్టేషన్లు కొత్త హంగులు దిద్దే అమృత్ భారత్ పథకంలో ఉన్నాయి, అదీ మంచిదే. కానీ పొద్దున ఎనిమిదికల్లా డ్యూటీలో ఉండాల్సిన మనిషికి వందే భారత్‌తో పనేముంది? కొత్త స్టేషన్ భవనం ఎంత బాగున్నా, ఎక్కడానికి వేళకు రైలు ఉండాలి కదా.

ఇక బస్సుల సంగతి. ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇస్తూ 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం మా ఆడవాళ్లకు ఎంత మేలు చేసిందో రోజూ చూస్తున్నాను. మా వీధిలో ఉండే ఒక అక్క ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. బస్సు చార్జీ మిగిలి, పిల్లల ట్యూషన్ ఫీజుకు సరిపోతోందని ఆమే చెప్పింది. అయితే జీరో టికెట్ ఉన్నా సీటు దొరకదు. పొద్దున షాద్‌నగర్‌కు వచ్చేసరికే బస్సు నిండిపోయి ఉంటుంది. డ్రైవర్ పక్కన ఇంజన్ బానెట్ మీద నలుగురు, మెట్ల మీద కాలేజీ పిల్లలు, మధ్యలో సంచులు. కండక్టర్ లోపలికి జరగమని అరుస్తూనే ఉంటాడు, జరగడానికి జాగా ఉండదు. సాయంత్రం తిరుగు ప్రయాణంలో, సిటీలోని ఆరాంఘర్ దగ్గర ఇంకా ఘోరం. బస్సు ఆగీ ఆగకముందే జనం పరుగెత్తుతారు. వయసు మళ్లినవాళ్లు, చంటిపిల్లల తల్లులు రెండు మూడు బస్సులు వదిలేసి నిలబడి ఉంటారు. విసిగిపోయి షేర్ ఆటోలో, ప్రైవేటు కారులో ఎక్కితే నేషనల్ హైవే మీద రాత్రిపూట ప్రయాణం ఎలా ఉంటుందో ఇంట్లో ఎదురుచూసేవాళ్లకు తెలుసు. ఆ టెన్షన్ రోజూ ఉండేదే.

ఇదంతా సిటీ వైపు వెళ్లేవాళ్ల గోడు మాత్రమే కాదు. కొత్తూరు, నందిగామ ఫ్యాక్టరీలకు, పోలేపల్లి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)కు సిటీ వైపు నుంచి కూడా జనం వస్తారు. మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ ఉంది, మెడికల్ కాలేజీ ఉంది, పెద్దాసుపత్రి ఉంది. లోకల్ రైలు రెండు వైపులా నిండుతుంది. పని కోసం ఊరు విడిచి పోవడం పాలమూరుకు ఎంత పాత కథో మీకు తెలుసు. పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరే వీలుంటే, సిటీలో ఇరుకు గదికి అద్దె కట్టే కుటుంబాలు చాలావరకు ఊళ్లోనే ఉండిపోతాయి.

రాతపూర్వకంగా ఎందుకు అడుగుతున్నానో చెప్తాను. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ మొదటి దశకు రైల్వే, రాష్ట్రం చెరి సగం పెట్టుకున్నాయి. రెండో దశకు వచ్చేసరికి రాష్ట్రం మూడింట రెండు వంతులు ఇవ్వాలని ఒప్పందం. ఆ వాటా వేళకు అందక పనులు ఏళ్ల తరబడి సాగాయి. ఘట్‌కేసర్ నుంచి యాదాద్రి వరకు 33 కిలోమీటర్ల పొడిగింపు ఇంకా బాధాకరం. 2016లో అనుకున్నది, రాష్ట్ర వాటా దగ్గరే చిక్కుకుంది. 330 కోట్ల అంచనా కాస్తా 400 కోట్లు దాటింది. బీబీనగర్, భువనగిరి జనం అన్నేళ్లూ ఎదురుచూశారు. బీబీనగర్‌కు ఎయిమ్స్ వచ్చింది గానీ అక్కడికి లోకల్ రైలు రాలేదు. చివరికి ఖర్చంతా తామే పెట్టుకుంటామని 2023లో కేంద్రం చెప్పాల్సి వచ్చింది. యాదాద్రి వైపు జరిగింది మా వైపు జరగకూడదు.

ఇది ఒక్క తెలంగాణ సమస్య కాదు. ఢిల్లీ–మీరట్ రైలుకు తన వాటా ఇవ్వడానికి డబ్బు లేదని ఢిల్లీ ప్రభుత్వం అంటే, 2023లో సుప్రీంకోర్టు ప్రకటనలకు ఎంత ఖర్చు పెట్టారో లెక్క చెప్పమంది. 415 కోట్లు ఇవ్వమని ఆదేశించింది. కోర్టు దాకా పోయాక ఇచ్చే వాటా కన్నా బడ్జెట్‌లో ముందే పెట్టిన వాటా ఎంతో నయం.

ఆ డబ్బు ఎక్కడిదని ఆర్థిక శాఖ అడుగుతుంది, అడగాలి కూడా. షాద్‌నగర్, కొత్తూరు చుట్టూ ఎటు చూసినా వెంచర్లే. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) ఫీజులు, లేఅవుట్ అనుమతుల ఫీజులు, రిజిస్ట్రేషన్ల రాబడి అన్నీ ఈ నేల మీదివే. ప్లాట్లు అమ్మేవాళ్లు బ్రోచర్లలో రాబోయే రైలును ఇప్పటికే అమ్ముకుంటున్నారు. ఆ రాబడిలో కొంత భాగాన్ని ఈ మార్గం కోసం వేరే ఖాతాలో పెట్టండి. స్టేషన్ల దగ్గర భూముల విలువ పెరిగే కొద్దీ ఆ ఖాతా కూడా పెరుగుతుంది.

మున్సిపల్ శాఖ మీ చేతిలోనే ఉంది. షాద్‌నగర్, కొత్తూరు, జడ్చర్ల మున్సిపాలిటీలు, మహబూబ్‌నగర్ కార్పొరేషన్ ఒక్కో తీర్మానం చేసి పంపేలా చూడండి. కేవలం మద్దతు తెలిపే తీర్మానం అయితే ఎవరూ పట్టించుకోరు. స్టేషన్‌కు వెళ్లే రోడ్డు, వీధిలైట్లు, ఆటో స్టాండు, బండ్లు పెట్టుకునే జాగా, ఆడవాళ్లకు శుభ్రమైన టాయిలెట్లు, ఇవన్నీ మా ఖర్చుతో మేం చేస్తామని అందులో ఉండాలి. పట్టణాలు తమ వంతు వేస్తే, రాష్ట్రం ఆ పైన నిలబడితే, రైల్వే బోర్డు కాదనడం కష్టం. షాద్‌నగర్‌లో పన్ను కట్టేవాడిగా నా డబ్బు ఇంతకన్నా మంచి పనికి పోతుందనుకోను.

రైల్వే వాళ్లు చెప్పే ఒక ఇబ్బంది నిజమే. సికింద్రాబాద్, కాచిగూడ, ఫలక్‌నుమా మధ్య లైను ఇప్పటికే కిక్కిరిసి ఉంది. ఉన్న ఎంఎంటీఎస్‌లే ఆలస్యమవుతున్నాయి, చెప్పకుండా రద్దవుతున్నాయి. అలా నడిపితే జనం మళ్లీ బస్సుకే పోతారు. అందుకని మొదట్లో ఉదయం రెండు, సాయంత్రం రెండు రైళ్లు చాలు, కానీ అవి వేళ తప్పకూడదు. కొత్త ఎంఎంటీఎస్ పెట్టెలు వచ్చేవరకు దగ్గరి ఊళ్ల మధ్య నడిచే మెమూ కరెంటు రైలైనా వేయమనండి. ఉందానగర్‌లో దిగినవాళ్లకు ఎయిర్‌పోర్టు వరకు ఆర్టీసీ బస్సు అందుబాటులో ఉంచడం పూర్తిగా మన చేతిలోనిదే. దానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

మహబూబ్‌నగర్–మునిరాబాద్ లైను 1997లో మంజూరైతే, దేవరకద్ర నుంచి కృష్ణా వరకు రైలు నడిచేసరికి 2023 వచ్చింది. అంతకాలం ఆగే ఓపిక ఈ తరానికి లేదు, ఆగాల్సిన అవసరమూ లేదు. వచ్చే బడ్జెట్‌లో ఈ మార్గం పేరుతో ఒక పద్దు పెట్టించండి. అంతకన్నా ముందే దక్షిణ మధ్య రైల్వే జనరల్ మేనేజర్‌తో, నాలుగు పట్టణాల కమిషనర్లతో ఒక సమావేశం పిలవండి. మినిట్స్ అందరికీ తెలిసేలా బయటపెట్టండి. రోజూ ప్రయాణం చేసేవాళ్లం మేమూ వస్తాం, ఏ రైలు ఏ టైమ్‌కు కావాలో రాసుకుని తెస్తాం.

ఇట్లు,
షాద్‌నగర్ నుంచి రోజూ సిటీకి వెళ్లివచ్చే ఒక ప్రయాణికుడు