లాక్ లేకపోవడం అనుమతి కాదు: డీజీపీ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పోలీసు డైరెక్టర్ జనరల్ గారికి,

నమస్కారాలు.

గత వేసవిలో మా అమ్మ తన చేతిసంచిని ఆటోలో మరిచిపోయింది. ఆటో డ్రైవర్ నిజాయితీగా ఆ సంచిని పోలీస్ స్టేషన్‌లో అప్పగించాడు. ఆ స్టేషన్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక కానిస్టేబుల్‌కు శిక్ష పడాలన్నది నా ఉద్దేశం కాదు. అక్కడ జరిగింది తప్పని అక్కడున్న ఎవరికీ అనిపించకపోవడమే నన్ను ఎక్కువగా బాధించింది, మీకు ఈ లేఖ రాయడానికీ అదే కారణం.

అమ్మకు 68 ఏళ్లు. నాట్లు వేసి, కలుపు తీసి, మిరపకాయలు ఏరి ఆమె వేళ్ల గీతలు అరిగిపోయాయి. రేషన్ షాపులో వేలిముద్ర పడక ప్రతి నెలా కళ్లు చూపించి బియ్యం తెచ్చుకుంటుంది. ఫోనుకు వేలిముద్ర లాక్ పెడితే అది తెరుచుకోదు, గీత గీసే లాక్ పెడితే ఆమెకు గుర్తుండదు. అందుకని ఆ లాక్‌ను నేనే తీసేశాను. సంచిలో ఆ ఫోనుతో పాటు ఆసుపత్రి ఫైలు, మందుల చీటీలు, చీటీపాట లెక్కలు రాసుకునే చిన్న నోటుపుస్తకం, కొంత డబ్బు ఉన్నాయి.

సంచి పోయిందని తెలిసిన వెంటనే నేను అమ్మ నంబరుకు ఫోన్ చేయడం మొదలుపెట్టాను. మూడోసారి స్టేషన్‌లోని కానిస్టేబుల్ ఎత్తి, వచ్చి తీసుకువెళ్లమన్నారు. సంచి ఎవరిదో తేలిపోయింది కనుక దాన్ని తెరవాల్సిన అవసరం అక్కడితో తీరిపోయింది. కానీ గంట తర్వాత మేము వెళ్లేసరికి ఆసుపత్రి కాగితాలు టేబుల్ మీద పరిచి ఉన్నాయి, ఫోనులోంచి మా చెల్లెలి గొంతు స్పీకర్‌లో వినిపిస్తోంది. తన కాపురంలోని కష్టాన్ని అమ్మకు చెప్పుకుంటూ ఆమె పంపిన వాయిస్ మెసేజ్ అది. ఏదో పని మీద వచ్చిన మరో నలుగురు బెంచీ మీద కూర్చుని దాన్ని వింటున్నారు. ఆ తర్వాత కానిస్టేబుల్ నోటుపుస్తకం చూపిస్తూ "ఏమ్మా, చీటీలు నడుపుతున్నవా?" అని అమ్మను అడిగారు. 20,000 రూపాయలు ఎవరికి పంపావని అడిగారు. ఇదంతా ఎందుకు చూశారని నేను అడిగితే, "లాక్ లేదు గద మేడం, అందుకే చూసినం. దాచుకునేదుంటే లాక్ పెట్టుకోవాలె" అన్నారు. ఆయన కోపంగా అనలేదు, మామూలుగానే అన్నారు. డబ్బు మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు.

ఇంటికి వస్తుండగా అమ్మ అన్నది ఒక్క మాటే: "నలుగుట్ల నా కొంగు గుంజినట్టయింది బిడ్డా." ఆ రోజు నుంచి చెల్లెలు ఆమెకు వాయిస్ మెసేజ్ పంపడం మానేసింది.

డీజీపీ గారూ, తలుపు దగ్గరగా వేసి ఉన్న ఇంటి ముందు నిలబడి "ఎవరండీ లోపల" అని పిలవకుండా మన ఊళ్లలో ఎవరూ లోపలికి అడుగుపెట్టరు. గడియ పెట్టలేదు కనుక లోపలికి రమ్మన్నట్టేనని అక్కడ ఎవరూ అనుకోరు. చట్టం చెప్పేదీ ఇదే. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. అయితే అమ్మ సంచి విషయానికి మరింత దగ్గరగా ఉన్న తీర్పు 2004లోనే వచ్చింది, అదీ మన హైదరాబాద్ నుంచి వెళ్లిన కేసులో. కలెక్టర్ అధికారం ఇచ్చిన ఎవరైనా బ్యాంకులోకి వెళ్లి అక్కడున్న పత్రాలను తనిఖీ చేయవచ్చని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో స్టాంపుల చట్టానికి తెచ్చిన సవరణను, హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్, కెనరా బ్యాంకు మధ్య నడిచిన ఆ కేసులో సుప్రీంకోర్టు నిలబడనివ్వలేదు. గోప్యత మనిషికి చెందినది కానీ స్థలానికి చెందినది కాదని, పత్రాలు బ్యాంకు చేతికి వెళ్లినంత మాత్రాన ఖాతాదారు హక్కు పోదని చెప్పింది. తెలిసి అప్పగించిన కాగితాల మీదే హక్కు పోనప్పుడు, మరిచిపోయిన సంచి మీద ఎలా పోతుంది?

ఇక నేర దర్యాప్తులో వారెంటు లేకుండా సోదా చేయాల్సి వస్తే, అందుకు కారణాలేమిటో, ఏ వస్తువు కోసం వెతుకుతున్నారో అధికారి ముందే రాసిపెట్టాలని, సోదాను వీడియో తీయాలని, ఆ నమోదు ప్రతిని 48 గంటల్లోపు మేజిస్ట్రేటుకు పంపాలని 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 185వ సెక్షన్ చెబుతోంది. నేరం చేశాడని అనుమానం ఉన్నవాడి ఇంటికే ఇన్ని కట్టుబాట్లు ఉన్నప్పుడు, ఏ అనుమానమూ లేని ముసలమ్మ ఫోనుకు ఒక్కటీ లేకపోవడం న్యాయమా?

ఎవరూ లేని సంచి కనిపిస్తే పోలీసులు అనుమానించక తప్పదని నాకు తెలుసు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో ఏం జరిగిందో ఈ రాష్ట్రంలో ఎవరూ మరిచిపోలేదు. అలాంటి సంచిని బాంబు స్క్వాడ్ తెరిచి చూస్తే నేను చేతులెత్తి దండం పెడతాను. కానీ పేలుడు పదార్థం కోసం వెతికేవారికి ఆసుపత్రి రిపోర్టు చదవాల్సిన పని లేదు, చెల్లెలి గొంతు వినాల్సిన పని అసలే లేదు.

ఈ అలవాటు ఒక్క స్టేషన్‌లో పుట్టిందని నేను అనుకోను. 2021 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో బండ్లు ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో 'గంజాయి' అన్న మాట కోసం వెతుకుతున్న పోలీసుల వీడియోను రాష్ట్రమంతా చూసింది. జనం ఇష్టపూర్వకంగానే ఫోన్లు ఇస్తున్నారన్నది అప్పుడు పోలీసు అధికారుల నుంచి వచ్చిన జవాబు. రోడ్డు పక్కన ఖాకీ చొక్కా ఎదుట నిలబడి ఫోను చేతికిచ్చిన పిల్లవాడి భయాన్ని ఇష్టం అనడం, మా అమ్మ అరిగిన వేళ్లను అనుమతి అనడం నాకు ఒకటిగానే కనిపిస్తున్నాయి.

పోయిన ఫోన్లను సీఈఐఆర్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ద్వారా వెతికి యజమానులకు అప్పగించడంలో మీ శాఖ దేశంలోనే ముందు వరుసలో ఉంది. ఆ పని ప్రతి ఫోనుకూ విడిగా ఉండే 15 అంకెల ఐఎంఈఐ నంబరుతోనే జరుగుతోంది, గ్యాలరీ తెరవాల్సిన అవసరం రావడం లేదు. దొరికిన ఫోనుకూ అదే పద్ధతి సరిపోతుంది. దాన్ని చార్జింగ్‌లో పెట్టి, వచ్చే కాల్ ఎత్తితే చాలు.

కనుక మీరు రాతపూర్వకంగా ఒక ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను. ఎవరైనా దొరికిన వస్తువును తెచ్చి అప్పగిస్తే, వారి ఎదుటే జాబితా రాసి, కవరులో పెట్టి సీలు వేయాలి. యజమాని ఎవరో తెలుసుకోవడానికి ఎంత అవసరమో అంతవరకే చూడాలి, తెలిసిన క్షణాన ఆపేయాలి. ఫోనులోని మెసేజ్‌లు, ఫొటోలు, డబ్బు లావాదేవీలు ఎవరూ తెరవకూడదు. నిజంగా నేరం మీద అనుమానం కలిగితే కారణం రాసి, చట్టం చెప్పిన దారిలోనే వెళ్లాలి. తాళం గానీ లాక్ గానీ లేకపోవడం సమ్మతి కిందకు రాదన్న వాక్యం ఆ ఉత్తర్వులో స్పష్టంగా ఉండాలి. దాని ప్రతిని ప్రతి స్టేషన్ రిసెప్షన్ దగ్గర తెలుగులోనూ ఉర్దూలోనూ, మా అమ్మ వంటివారు కళ్లజోడు లేకుండా చదవగలిగినంత పెద్ద అక్షరాల్లో అతికించాలి.

ఇట్లు,
ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు